ఊరి పన్నుకు ట్రెజరీ తాళమా?

రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాలూ కటకటలాడుతున్న మాట నిజం. అప్పుల కిస్తీలు, వడ్డీలు, జీతాలు, పింఛన్లు పోగా మిగిలేది తక్కువ. ఆ బరువును పాలకులు తమ నెత్తిన పెట్టుకోకుండా, అందరిలోకీ చిన్నదైన గ్రామ పంచాయతీ నెత్తిన దించుతున్నారు. ఇది అన్యాయం. ఊరి జనం కట్టిన ఇంటిపన్ను, నల్లా బిల్లు ఊరికే దక్కాలి. దాన్ని ఖర్చు పెట్టుకోవడానికి ట్రెజరీ దయ కోసం ఎదురు చూడాల్సిన నిబంధనను రెండు ప్రభుత్వాలూ వెంటనే ఎత్తివేయాలి.

ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన పన్ను ట్రెజరీలో పంచాయతీ ఖాతాకు జమవుతుంది. మళ్లీ తీసుకోవాలంటే చెక్కు రాసి సబ్ ట్రెజరీలో ఇవ్వాలి. టోకెన్ పడుతుంది. పైనుంచి ఫ్రీజింగ్, అంటే చెల్లింపులు ఆపే ఆంక్ష, ఉంటే ఇక అంతే, నెలలు గడిచినా చెక్కు కదలదు. ఖాతాలో నిల్వ కనిపిస్తుంది, చేతికి పైసా రాదు. ఈలోగా ఎండాకాలంలో ఊరి బోరు మోటారు కాలిపోతుంది. దాన్ని పైకి తీసే కూలీలకు ఆ పూటే డబ్బు కావాలి. వైండింగ్ షాపతను కిందటిసారి బాకీ తీరిస్తేనే మోటారు ముట్టుకుంటానంటాడు. అతన్ని తప్పుపట్టలేం, అతనిదీ చిన్న బతుకే. టోకెన్ నంబరు చూపించి ఊరికి నీళ్లు తెప్పించగల మొనగాడెవరు? చివరికి పంచాయతీ కార్యదర్శో సర్పంచో జేబులోంచి తీయాలి, లేదా వడ్డీకి తేవాలి. తెలంగాణలో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన నడిచిన రోజుల్లో ట్రాక్టర్ డీజిల్‌కు, బ్లీచింగ్ పౌడర్‌కు ఎందరో కార్యదర్శులు సొంత డబ్బు పెట్టారు. ప్రభుత్వ సేవ ఉద్యోగి అప్పు మీద నడవడం ఏ పాలకుడికీ గౌరవం కాదు.

తెల్లవారకముందే మోరీలు తీసి, చెత్త ఎత్తి, ట్యాంకు ఎక్కి కడిగే పంచాయతీ మల్టీపర్పస్ కార్మికుడికి 2023లో పెంచాక తెలంగాణలో వచ్చే వేతనం నెలకు 9,500 రూపాయలు. అదీ నెలనెలా అందక సమ్మెలకు దిగాల్సి వచ్చింది. పెద్ద కాంట్రాక్టరు బిల్లు ఆగితే కోర్టుకు వెళ్తాడు. ఇతను ఎక్కడికి వెళ్తాడు?

కేంద్రం ఇచ్చే సొమ్ముదీ ఇదే కథ. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు దేశం మొత్తం మీద 2.36 లక్షల కోట్లకు పైగా సిఫారసు చేసింది. నిధులు అందిన పది పని దినాల్లో రాష్ట్రాలు వాటిని స్థానిక సంస్థలకు చేర్చాలి, ఆలస్యమైతే వడ్డీ కలిపి ఇవ్వాలి. ఇంత స్పష్టమైన షరతు ఉన్నా ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద డిస్కమ్‌లకు సర్దేసింది. సర్పంచులకు తెలిసేసరికి ఖాతాలు ఖాళీ. పార్టీల తేడా లేకుండా వాళ్లు రోడ్డెక్కారు. తెలంగాణలో 2024 జనవరితో పాలకవర్గాల గడువు ముగిస్తే, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర నిధులు నిలిచిపోయాయి. ఎన్నికలు సకాలంలో జరగకపోవడంలో ఏ పల్లెకూ పాత్ర లేదు. శిక్ష మాత్రం పల్లెలకే పడింది.

డబ్బు నేరుగా ఇస్తే సర్పంచులు తినేస్తారన్నది సచివాలయాల్లో తరచూ వినిపించే వాదన. దుర్వినియోగం లేదని మేమూ అనం. కానీ ప్రతి చెల్లింపూ నమోదయ్యే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్ ఉంది, ఆన్‌లైన్ ఆడిట్ ఉంది, గ్రామసభ ఉంది. తప్పు చేసినవాణ్ని పట్టుకోవడానికి ఇవి చాలు. అందరి సొమ్మూ బిగబట్టడానికి కొందరి దుర్వినియోగం సాకు కారాదు.

పంచాయతీలు సొంత ఆదాయం పెంచుకోవాలన్న మాటలో న్యాయం ఉంది. 2022-23లో దేశంలోని పంచాయతీల రాబడిలో సొంత పన్నుల వాటా ఒక్క శాతమేనని రిజర్వ్ బ్యాంక్ నివేదిక తేల్చింది. ఓట్లు పోతాయన్న భయంతో ఇంటిపన్ను సవరించని పాలకవర్గాలు ఆ భయం వదలాలి. అయితే కట్టిన పన్ను తన వీధి దీపంగా వెలుగుతుందన్న నమ్మకం లేని ఊరు ఎక్కువ పన్నుకు ఎందుకు ఒప్పుకుంటుంది? పన్ను వేసి, వసూలు చేసి, వినియోగించుకునే అధికారాన్ని పంచాయతీలకు ఇచ్చేందుకు రాజ్యాంగం 243-హెచ్ అధికరణలో శాసనసభలకు వీలు కల్పించింది. మొదటి రెండూ ఊరికి అప్పగించి, మూడోదాన్ని రాష్ట్రం తన గుప్పిట్లో పెట్టుకుంది.

వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), చెత్త షెడ్లు కట్టించి అప్పులపాలైన మాజీ సర్పంచుల బిల్లులకు తేదీలతో సహా చెల్లింపు ప్రణాళిక ప్రకటించాలి. కార్మికుల వేతనాలను ఫ్రీజింగ్ నుంచి శాశ్వతంగా మినహాయించాలి. పంచాయతీరాజ్ శాఖకు ఇంత కేటాయించామని బడ్జెట్ రోజున చదివే ఆర్థిక మంత్రులు, నిరుడు కేటాయించినదాంట్లో ఏ ఊరి ఖాతాకు ఎంత, ఏ తేదీన చేరిందో అదే రోజు సభ ముందుంచాలి.