వారానికైతే సరే, కాపురానికి వద్దట

ఇంగ్లండ్ పల్లెల్లో పాత గొడ్ల చావిడి కొని, బాగుచేసి, సెలవులకొచ్చేవాళ్లకు వారం లెక్కన అద్దెకిద్దామనే ఆలోచన ఇక్కడి మనవాళ్లలో బాగా పాకింది. ష్రాప్‌షైర్‌లో ఇలాంటి కట్టడాలకు ప్లాన్లు గీయడమే నా పని కనుక ఫోన్లు నాకొస్తాయి. గుంటూరు వైపు డాక్టరమ్మ ఒకామె నేరుగానే అడిగింది: "అన్నయ్యా, గోడలున్నాయి, పైకప్పుంది, స్థలం మాదే. ఇంక పర్మిషన్ దేనికి?"

1947 నాటి ప్రణాళికా చట్టం నుంచీ ఇక్కడ స్థలం మనదైనా, దాని వాడకం మార్చాలంటే కౌన్సిల్ ఒప్పుకోవాలి. పైగా ఉన్నదాన్ని మార్చడం వేరు, కొత్తగా కట్టడం వేరు. నాటింగ్‌హామ్‌షైర్‌లో మూడు వైపులా దాదాపు గోడల్లేని ఇనుప షెడ్డును ఇల్లు చేస్తామంటే, అది మార్పు కాదు, కొత్త కట్టడమేనని 2016లో హైకోర్టు తేల్చింది. చట్టం కాపాడే గబ్బిలాల సంగతి సరేసరి. దూలం కింద నల్లటి రెట్టలు కనబడితే వేళ్ల మధ్య నలిపి చూస్తాం. గట్టిగా ఉంటే ఎలుకది. పొడిపొడిగా రాలి, పురుగుల రెక్కల ముక్కలు మెరిస్తే గబ్బిలానిది. ఇక మే నుంచి సెప్టెంబరు లోపు సాయంత్రాలు కాపు కాసి లెక్క పెట్టాల్సిందే. అక్టోబరులో కొన్నవాళ్లు వేసవి దాకా ఆగాలి. ఈ ఆలస్యం మీద నాకే ఫిర్యాదూ లేదు. మనకన్నా ముందు అందులో కాపురమున్నది అవే.

నా గొడవంతా ఆ తర్వాత వచ్చే షరతుతోనే. "సెలవుల బసకు మాత్రమే, ఎవరికీ ప్రధాన నివాసం కాకూడదు" అని అనుమతి పత్రంలో రాస్తారు. వచ్చినవాళ్ల సొంతింటి చిరునామాలతో రిజిస్టరు పెట్టమంటారు. అంటే లండన్ నుంచి వచ్చినవాళ్లు వారం ఉండొచ్చు, అదే ఊళ్లో అద్దిల్లు దొరకని బడిపంతులు ఏడాది ఉండకూడదు. ఎందుకంటే కాపురం పెడితే తీగల మీద బట్టలు, పెరట్లో ఉయ్యాల వచ్చి పల్లె అందం చెడుతుందట. సెలవుల చావిళ్ల ముందు ఆవిర్లు కక్కే హాట్ టబ్‌లు ఈ అధికారుల కంట పడవు కాబోలు!

2014లో వచ్చి, ఇప్పుడు క్లాస్ క్యూ అంటున్న నిబంధనతో చావిళ్లను ఇళ్లుగా మార్చడం సులువైంది. 2024లో ఒక్కో కమతంలో పది ఇళ్ల దాకా పెంచారు. కానీ జాతీయ పార్కుల్లో, మా ష్రాప్‌షైర్ కొండల్లాంటి రక్షిత ప్రాంతాల్లో అది వర్తించదు. హోటల్‌గా మార్చుకోనిచ్చే క్లాస్ ఆర్ మాత్రం అక్కడా చెల్లుతుంది. ఇళ్ల కరువు ఎక్కువగా ఉన్నదీ, ఊరి పిల్లలు పెళ్లయితే పట్నం పోవాల్సి వస్తున్నదీ ఇలాంటి అందమైన చోట్లలోనే.

సెలవుల బసకిచ్చే ప్రతి అనుమతిలోనూ, స్థానికులకు ఏడాది అద్దెకు ఇచ్చుకునే వీలు కూడా ఉండాలి. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు అనకూడదు. మనలాంటి పెట్టుబడిదారులకు రాబడి కొంత తగ్గుతుంది, తగ్గనీ. ఎవరుంటేనేం, అవే కిటికీలు, అదే సెప్టిక్ ట్యాంకు, కార్లు నిలపడానికి అదే జాగా.