బండి బాగోగులు: పికప్ ట్రక్కుకు ఎంత గొట్టం, ఏ మఫ్లరు?

కిందటి నెల బ్రేకుల గురించి రాశాక సభ్యులొకరు మాకు ఉత్తరం రాశారు. వారి పాత పికప్ ట్రక్కు మఫ్లరు తుప్పు పట్టి చిల్లులు పడిందట. షాపువారు "రెండున్నర అంగుళాల గొట్టం తీసేసి మూడంగుళాలది వేయిద్దాం, బలం పెరుగుతుంది" అన్నారట. ఇంట్లో పదిహేడేళ్ళ అబ్బాయి అదే పాట పాడుతున్నాడట. "వేయించమంటారా, వద్దంటారా?" అని వారి ప్రశ్న.

ఈ ప్రశ్న వారొక్కరిది కాదు. మన కుటుంబాల్లో ఎవరో ఒకరి ఇంట్లో పికప్ ఉండనే ఉంటుంది. ఇల్లు మారేటప్పుడు, తోటకు మట్టి తెచ్చుకునేటప్పుడు, ఉగాది భోజనాలకు గుండిగలు మోయించేటప్పుడు అందరమూ ఆ ఇంటికే ఫోను చేస్తాం. పిల్లవాడికి లైసెన్సు రాగానే ఆ బండి వాడి చేతికి వెళ్తుంది. అందుకని ఈ నెల శీర్షిక అంతా దీనికే కేటాయిస్తున్నాం.

మా సమాధానం ముందే చెప్పేస్తాం. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, గొట్టం సైజు ఇంజనును బట్టి ఉండాలి. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది: ఆ గొట్టం పొగను ఎక్కడ వదిలిపెడుతోంది? దాని గురించి చివర చెబుతాం, దయచేసి అక్కడిదాకా చదవండి.

మన ఊళ్ళలో సైలెన్సర్ అనే దాన్నే ఇక్కడ మఫ్లరంటారు. ఇంజనులో కాలిన వాయువు కన్వర్టరు గుండా, మఫ్లరు గుండా పోయి వెనక గొట్టంలోంచి బయటపడుతుంది. దారి మరీ ఇరుకైతే ఆ వాయువును తొయ్యడానికే ఇంజను తన బలం కొంత ఖర్చు పెట్టుకోవాలి. దారి మరీ వెడల్పైతే వాయువు వేగం తగ్గుతుంది, తొందరగా చల్లబడుతుంది. దానివల్ల బలం పెరగదు, చప్పుడు మాత్రం పెరుగుతుంది. "ఇంజనుకు వెనక ఒత్తిడి ఉండాలి" అని కొందరంటారు. అది సరి కాదు. ఉండవలసింది ఒత్తిడి కాదు, వాయువుకు తగినంత వేగం.

ఇక లెక్క. పెట్రోలు ఇంజనుకు ఒక్కొక్క హార్స్ పవర్‌కు నిమిషానికి సుమారు 2.2 ఘనపుటడుగుల దారి కావాలనీ, గొట్టం లోపలి వైశాల్యంలో ఒక్కొక్క చదరపు అంగుళం నిమిషానికి సుమారు 115 ఘనపుటడుగులు పోనిస్తుందనీ ఈ పని తెలిసినవారు వాడే ఒక మోటు లెక్క ఉంది. గొట్టం రేకు మందం తీసేసి మేము వేసి చూస్తే ఇలా వచ్చింది:

2 అంగుళాల గొట్టం: సుమారు 140 హార్స్ పవర్ వరకు
2.25 అంగుళాలు: 185 వరకు
2.5 అంగుళాలు: 230 వరకు
3 అంగుళాలు: 340 వరకు
2.25 అంగుళాలవి రెండు: 370 వరకు
2.5 అంగుళాలవి రెండు: 460 వరకు

రెండున్నర నుంచి మూడుకు పోవడం అరంగుళమే కదా అనిపిస్తుంది. కాని లోపలి వైశాల్యం దాదాపు 45 శాతం పెరుగుతుంది. వ్యాసం పెరిగిన కొద్దీ వైశాల్యం దాని వర్గంగా పెరుగుతుందని మనం హైస్కూల్లో చదువుకున్నదే.

ఉత్తరం రాసినవారి బండిలో ఉన్నది 1990ల నాటి 5.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, 210 హార్స్ పవర్. అదైనా పూర్తిగా తొక్కినప్పటి మాట. ఆఫీసుకు వెళ్ళి వచ్చేటప్పుడు అందులో సగం కూడా వాడం. అంటే ఇప్పుడున్న రెండున్నర అంగుళాల గొట్టమే ఆ బండికి సరిగ్గా సరిపోతుంది. మూడంగుళాలది దండగ. 116 హార్స్ పవర్ ఉన్న పాత నాలుగు సిలిండర్ల టొయోటా పికప్‌కైతే రెండంగుళాలే చాలు. ఈ కాలపు ఫోర్డు 5.0 లీటర్ల ఇంజనులా 400 హార్స్ పవర్ ఉన్నవాటికి ఒకే గొట్టమైతే మూడుకు పైన, లేదా రెండున్నరవి రెండు కావాలి. టర్బో ఉన్న ఇంజన్లకు, డీజిలు బండ్లకు ఈ లెక్క వర్తించదు.

షాపుకు వెళ్ళేముందు ఇప్పుడున్న గొట్టం సైజు మీరే కొలుచుకోండి. ఇంజను చల్లారాక దర్జీ టేపుగాని, పురికొస గాని గొట్టం చుట్టూ చుట్టి, వచ్చిన పొడుగును 3.14 తో భాగించండి. 7 అంగుళాలు దాటీ దాటకుండా వస్తే అది రెండుంబావు గొట్టం. 7.85 వస్తే రెండున్నర, 9.4 వస్తే మూడు. గొట్టాన్ని బయటి వ్యాసంతో చెబుతారు, మఫ్లరు మెడను సాధారణంగా లోపలి వ్యాసంతో చెబుతారు. అందుకే రెండున్నర గొట్టం రెండున్నర మెడలో దూరుతుంది. ఈ పని అబ్బాయి చేతే చేయించండి. లెక్క వాడే వేస్తే తగవు సగం తీరుతుంది. ఒక్క జాగ్రత్త: ఉత్త జాకీని నమ్మి బండి కిందికి ఎవరినీ దూరనివ్వకండి, కింద స్టాండ్లు పెట్టి తీరాలి.

షాపులో అడగవలసిన ఇంకో ప్రశ్న: గొట్టాన్ని ఎలా వంచుతారు? మామూలు యంత్రంతో నొక్కి వంచితే మలుపు దగ్గర గొట్టం నలిగి ఇరుకవుతుంది. లోపల కడ్డీ ఉంచి వంచే పద్ధతిని మాండ్రెల్ బెండింగ్ అంటారు, అందులో మలుపు గుండ్రంగానే ఉంటుంది. నలిగిన మూడంగుళాలకు ఖర్చు పెట్టేకంటె నలగని రెండున్నర నయం.

మఫ్లర్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటి రకంలో గదులుంటాయి. శబ్ద తరంగాలు గోడలకు కొట్టుకుని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రెండో రకంలో గొట్టం ఎస్ అక్షరంలా తిరిగి వస్తుంది. దీన్ని టర్బో మఫ్లరంటారు. 1960లలో టర్బో ఉన్న షెవ్రొలే కోర్వేర్ కారు మఫ్లరును కుర్రకారు తమ బండ్లకు వేసుకోవడంతో ఆ పేరు నిలిచిపోయింది. మూడో రకంలో చిల్లుల గొట్టం తిన్నగా పోతుంది, దాని చుట్టూ గాజు పీచు గాని ఉక్కు పీచు గాని కూరి ఉంటుంది. దారి సులువే కాని గోల ఎక్కువ. ఏళ్ళు గడిచి పీచు కాలిపోయిన కొద్దీ ఇంకా పెరుగుతుంది. ఇంటి బండికి మొదటి రెండు రకాల్లో ఒకటి, వీలైనంత పెద్ద పెట్టె ఉన్నది, ఎంచుకోమని మా సలహా.

చప్పుడు షాపు ముందు విని మురిసిపోకూడదు. ఎనిమిది సిలిండర్ల ఇంజను నిమిషానికి 1800 చుట్లు తిరిగినప్పుడు సెకనుకు 120 పేలుళ్ళు జరుగుతాయి. హైవే మీద ఆ ఝుంకారం మూసిన క్యాబులో చేరిందంటే రెండు గంటల ప్రయాణానికి తల వాచిపోతుంది. కాలిఫోర్నియాలో 6000 పౌన్ల లోపు తరగతి బండ్లకు 95 డెసిబెళ్ళ హద్దు కూడా ఉంది. మీ రాష్ట్రం నిబంధన ఏమిటో ముందే కనుక్కోండి.

ఇక తుప్పు. ఒక గ్యాలన్ పెట్రోలు కాలితే సుమారు ఒక గ్యాలన్ నీరు ఆవిరిగా తయారవుతుంది. దగ్గర దగ్గర ప్రయాణాలు చేసే బండిలో మఫ్లరు పూర్తిగా వేడెక్కదు గనుక ఆ నీరు అందులోనే నిలుస్తుంది. బయటనుంచి మంచుకాలపు రోడ్ల ఉప్పు. అల్యూమినియం పూత ఉక్కు చవక, 409 స్టెయిన్‌లెస్ దానికంటె మేలు, 304 అన్నిటికన్నా మన్నిక. 304 అని చెప్పి డబ్బు తీసుకుంటే ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకెళ్ళి పెట్టి చూడండి. మిగతా రెండింటికీ అంటుకుంటుంది, 304కు సాధారణంగా అంటుకోదు.

కన్వర్టరు జోలికి మాత్రం పోవద్దు. 1990లో సవరించిన స్వచ్ఛవాయు చట్టం ప్రకారం దాన్ని పీకేయడం షాపులకే కాదు, సొంతదారుకూ నేరమే. 1995 మోడలు నుంచి కార్లకూ చిన్న ట్రక్కులకూ కన్వర్టరుకు 8 ఏళ్ళు లేదా 80,000 మైళ్ళ వారంటీ ఉంది గనుక, కొత్త బండి అయితే డబ్బు కట్టేముందు ఆ సంగతి అడగండి.

చివర చెబుతామన్న మాట ఇదీ. 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో సియాటిల్ డాక్టర్లు ఒక నివేదిక ప్రచురించారు. 1986 నుంచి 1991 వరకు కార్బన్ మోనాక్సైడు విషవాయువు తగిలి వారి దగ్గరకు వచ్చిన పిల్లల్లో 20 మంది పికప్ ట్రక్కుల వెనక కూర్చుని ప్రయాణం చేసినవాళ్ళు. 17 మంది గట్టి టాపు కింద, ముగ్గురు టార్పాలిను కింద ఉన్నారు. పదిహేను మందికి స్పృహ తప్పింది. ఒక బిడ్డ దక్కలేదు. ఆ బండ్లన్నిటికీ కారుతోందని ముందే తెలిసిన గొట్టమో, లేదా పక్కకు కాకుండా తిన్నగా వెనక్కు తెరిచిన గొట్టమో ఉంది. పరుగెత్తే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి, వదిలిన పొగ మళ్ళీ టాపు కిందికే వస్తుంది. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. పిల్లలు నిద్రపోయారనే అనుకుంటాం.

కనుక గొట్టం వెనక చక్రం దాటాక పక్కకు తిరిగి, బండి అంచు దాకా రావాలి. క్యాబు కిందో, పెట్టె కిందో ఆగిపోకూడదు. పక్కకు తిప్పించాం కదా అని పిల్లల్ని టాపు కింద కూర్చోబెట్టకూడదు, పిక్నిక్కుకైనా, పక్క వీధికైనా సరే. అతుకుల దగ్గర మసి చారలున్నా, పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు బుసబుసమని వినిపించినా కారుతున్నట్టే. అది బాగయ్యేదాకా బండి తియ్యకండి. గరాజులో ఇంజను నడవనివ్వకండి. మంచు పడిన రోజున గొట్టం మూతి మూసుకుపోయిందేమో చూశాకే స్టార్టు చెయ్యండి.

ఉత్తరం రాసిన సభ్యులకు మా సలహా: ఉన్న రెండున్నర అంగుళాలే ఉంచండి, గదుల మఫ్లరు వేయించండి, మూడంగుళాలకు పెట్టబోయిన డబ్బు 409 స్టెయిన్‌లెస్‌కు పెట్టండి. చిల్లులు పడిన బండిని షాపుకు తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్ళకండి. తీసుకెళ్ళేటప్పుడు అద్దాలు దించుకోండి.

వచ్చే నెల చలికాలంలో బ్యాటరీ సంరక్షణ. మీ ప్రశ్నలు ఎప్పటిలాగే సంపాదకవర్గానికి రాసి పంపండి.