మెదడునకు వెఱచి గుండెను విడువవలెనా?

ముక్కునుండి నెత్తురు కారినప్పుడు మన యిండ్లలో మొట్టమొదట వినవచ్చు మాట ‘వేడి చేసినది’ అనుటయే. నడినెత్తిన చన్నీళ్ళు చఱచి, సబ్జాగింజలు నానిన నీళ్ళో పలుచని మజ్జిగయో త్రాగించి పెద్దవారు తమ పనులలో మునిగిపోవుదురు; పెక్కు సందర్భములలో కథ అంతటితో ముగియును గూడ. కాని తాతకును, తండ్రికిని, మేనత్తకును చిన్ననాటినుండియు అదే తీరున నెత్తురు కారుచుండిన యింట, పెదవులమీదను, నాలుకమీదను, వ్రేళ్ళ కొనలయందును ఆవగింజంత యెఱ్ఱని చుక్కలు కనబడుచుండిన యింట, అది వేడి కాదు. ఆ చుక్కను గాజుబిళ్ళతో అదిమినచో తెల్లబడును. బిళ్ళ తీసిన తోడనే నెత్తురు నిండి మరల ఎఱ్ఱబడును. వంశమున దిగివచ్చుచున్న రక్తనాళదోషమునకు కంటికి కనబడు గుర్తు అది.

ఈ వ్యాధిని వైద్యలోకమునకు స్పష్టముగ వర్ణించి చూపినవారిలో ప్రముఖుడు కెనడా బిడ్డయే. ఒంటారియోలోని బాండ్ హెడ్ అను చిన్న యూరిలో 1849లో జన్మించి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున 1872లో పట్టము పొంది, అచ్చటనే పదేండ్లు బోధించి, పిదప అమెరికాకు తరలిన విలియం ఆస్లర్, జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో నున్న కాలమున, 1901లో, కుటుంబములో పరంపరగా వచ్చు నాసికారక్తస్రావమును గూర్చి వ్యాసము ప్రకటించెను. అంతకుముందు 1896లో ఫ్రాన్సున రాండ్యూ, తరువాత 1907లో ఇంగ్లండున వెబర్ వ్రాసిరి గనుక ముగ్గురి పేర్లును దానికి నిలిచినవి. నేటి వైద్యులు దానిని హెచ్.హెచ్.టి. అందురు. టొరంటోలోని సిక్ కిడ్స్ వైద్యశాలలో మిషెల్ లెటార్ట్ 1990లో ఎండోగ్లిన్ అను ప్రోటీను నిర్మాణమును సహచరునితో గూడి వెల్లడించిరి. ఆ ఎండోగ్లిన్ జన్యువులోని లోపమే ఈ వ్యాధికి ఒక మూలమని 1994లో తేలినది.

దోషమిట్టిది. గోదావరి పంటకాలువ నీరు బోదెలలోనికి, బోదెలనుండి మళ్ళలోనికి పాఱి, నేల తడిసిన పిదపనే మురుగుకాలువలోనికి దిగవలెను గదా. మన శరీరమున ధమనులకును సిరలకును నడుమనున్న కేశనాళికలు ఆ మళ్ళవంటివి. ఈ వ్యాధి గలవారిలో అక్కడక్కడ పంటకాలువ తిన్నగా మురుగుకాలువలో పడును. ముక్కులో నిది జరిగినచో నెత్తురు కారును; కాలేయమున జరిగినచో, గుండె రెట్టించిన శ్రమతో రక్తమును తోడి తోడి అలసిపోవును; ఊపిరితిత్తులలో జరిగినచో, అచ్చట వడకట్టబడవలసిన రక్తపుగడ్డ సరాసరి మెదడునకు పోయి పక్షవాతము తెచ్చును. రోగులలో సుమారు నూటికి పదిమందికి మెదడులోనే యిట్టి చిక్కుముళ్ళుండును. తల్లిదండ్రులలో ఒకరికున్నచో ప్రతి బిడ్డకును సగము పాలు వచ్చు నవకాశము కలదు. ఆడ, మగ భేదము లేదు, మేనరికముతో దీనికి పనిలేదు.

ఇక గుండె సంగతి. హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు సోనియా ఆనంద్ మొదలగువారు 2000లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ‘షేర్’ అధ్యయనమున, కెనడాలోని దక్షిణాసియా సంతతివారిలో నూటికి 11 మందికి గుండె, రక్తనాళముల జబ్బులు కనబడగా, ఐరోపా సంతతివారిలో 5 గురికి, చైనా సంతతివారిలో ఇద్దఱికి మాత్రమే కనబడినవి. కావున వంశమున వచ్చిన ఆ నాళదోషమును, మనకు సహజమైపోయిన ఈ హృద్రోగమును ఒకే దేహమున కలిసికొనుట ఊహకందని వింత గాదు.

బ్రాంప్టన్‌లో నొక తెలుగింటిని మనస్సున నిలుపుకొనుడు. అరువదియైదేండ్ల తండ్రి, ఛాతీ పట్టివేసినట్లున్నదని తెల్లవారుజామున లేవగా, కుమారుడు ఎమర్జెన్సీకి తీసికొనిపోవును. తలగడ ప్రక్కన ప్రతిరాత్రియు మడిచియుంచుకొను పాత తువాలు, ఎన్నిమాఱులుతికినను మాయని గోధుమవన్నె మరకలతో, ఇంటనే యుండిపోవును. నెత్తురు కారు జబ్బులేమైన కలవా యని వైద్యుడడుగగా, రెండు భాషలకు నడుమ దుబాసిగా నిలిచిన కుమారుడు లేవని చెప్పును. అతడు అబద్ధమాడలేదు; నాన్న ముక్కు సంగతి అతని దృష్టిలో జబ్బే కాదు.

ఇచ్చట రెండు తప్పులకు చోటు కలదు. ఏమియు తెలియక, అందఱికి వలెనే స్టెంట్ వేసి, ఆస్పిరిన్‌తో బాటు క్లోపిడోగ్రెల్ వంటి మఱియొక మాత్రను ఏడాది పొడవున మ్రింగించుట మొదటిది. తెలిసిన పిమ్మట, మెదడులో నాళములు బాగుగ లేవు గనుక నెత్తురు పలుచబఱచు మందులు ముట్టరాదని కాగితముపై వ్రాసి, గుండెను దాని కర్మకు విడిచిపెట్టుట రెండవది. రెండవ తప్పు జాగ్రత్త వేషమున వచ్చును గనుక దానిని తప్పుగా గుర్తించువారు తక్కువ. అందుచేతనే నాకు దానియందు భయమెక్కువ. టొరంటోలోని సెయింట్ మైకేల్స్ వైద్యశాలకు చెందిన మేరీ ఫాగ్నన్ మొదలుగా పలుదేశముల నిపుణులు 2020లో ప్రకటించిన మార్గదర్శకములు ఈ విషయమున తేటగా పలికినవి: అవసరమున్నప్పుడు, ఆయా రోగి రక్తస్రావభయమును తూచిచూచి, నెత్తురు పలుచబఱచు మందును ఈయవలెను, ఈ వ్యాధి దానికి సర్వథా నిషేధము గాదు, ఐతే రెండేసి మందులను జోడించుట వీలైనంతవఱకు మానవలెను.

జంటమందును ఎంతకాలము వాడవలెనను ప్రశ్నకును నేడు కొంత ఆధారము కలదు. రక్తస్రావభయము హెచ్చుగా నున్న రోగులపై జరిపి 2021లో ప్రకటించిన ‘మాస్టర్ డాప్ట్’ పరిశోధనలో, స్టెంట్ వేసిన నెలకే జంటమందును ఆపినవారికి, అంతకన్న ఎక్కువకాలము వాడినవారితో పోల్చినచో, గుండెకు కీడు హెచ్చలేదు, రక్తస్రావము తగ్గినది. అది హెచ్.హెచ్.టి. వారిని ఉద్దేశించి చేసినది కాకున్నను, వారి వైద్యుడు ఎఱిగియుండవలసిన ఫలితము. మెదడును ఎమ్మారైతో చూచుకొనుట, ముక్కునకు తగిన చికిత్స చేయించుట, ఇనుము కొఱతను తీర్చుట, ఇవన్నియు గుండెచికిత్సలో భాగములే. రక్తహీనత గలవాని గుండె మఱింత శ్రమపడును గదా. ఊపిరితిత్తులలో దోషమున్నవానికి సెలైన్ గొట్టముగుండ గాలిబుడగ పోరాదు. గొట్టమునకు చిన్న వడపోత బిళ్ళ తగిలింపవలెను. అది బొటనవ్రేలంత వస్తువు. రోగి సంగతి తెలిసిన నర్సు క్షణములో తగిలించును. తెలియనిచో అది అలమారలోనే యుండును.

మెదడులో రక్తపుతిత్తుల గుత్తులు పుట్టు కావెర్నోమా అను జబ్బు కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగ వచ్చును. దాని విషయమునను నెత్తురు పలుచబఱచు మందులను గూర్చి ఇట్టి భయమే చిరకాలముగ నున్నది. కాని లాన్సెట్ న్యూరాలజీ పత్రిక 2019లో ప్రకటించిన విశ్లేషణలో, ఆ మందులు వాడువారికి మెదడున రక్తస్రావము హెచ్చుటకు మాఱుగా తక్కువగ కనబడినది. రోగులను చీట్లు వేసినట్లు రెండు పాళ్ళు చేసి జరిపిన పరీక్ష కాదు గనుక దానిని తుదితీర్పుగా గొనరాదు; భయమొక్కదానినే ప్రమాణముగా గొనుటయు తగదని మాత్రము అది తెలుపుచున్నది. హృద్రోగవైద్యుడును, మెదడు నాళముల నెఱిగిన వైద్యుడును ఒక్కచోట కూర్చుండి, రోగి యెదుటనే మాటలాడుకొని నిర్ణయింపవలెనని అడుగుట రోగికి హక్కు.

అడుగవలెనన్నచో జబ్బు పేరు తెలిసియుండవలెను. పెండ్లిసంబంధములు తప్పిపోవునని మనవారు ఇట్టివానిని గుట్టుగ దాచుదురు. ఆడపిల్లను గన్న తల్లి దిగులు ఎఱిగినవాడెవ్వడును ఆ భయమును తేలికగా నెంచడు. కాని వియ్యాలవారినుండి దాచిన గుట్టు కాలక్రమమున కన్నకొడుకునకే తెలియకపోవును, అతనిద్వారా వైద్యునకు చేరకపోవును. జన్యుపరీక్ష చేయించుకొనినచో బీమా పోవునని వెఱచువారికొక మాట: పరీక్ష చేయించుకొమ్మని గాని, దాని ఫలితము చూపుమని గాని ఒప్పందమునకు షరతు పెట్టుట కెనడాలో 2017నుండి నేరము, పదిలక్షల డాలర్ల వఱకు జరిమానా, ఐదేండ్ల వఱకు కారాగారము విధింపవచ్చును, ఆ శాసనము చెల్లునని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

కావున చదువరులారా, ఈ ఆదివారము ఇండియాకు ఫోను చేసినప్పుడు పెద్దలను అడుగుడు: ముక్కునుండి తఱచుగ నెత్తురు కారెడివారెవరు, చిన్నవయస్సున పక్షవాతము వచ్చినదెవరికి, మెదడులో నెత్తురు చిట్లినదెవరికి. విన్నదానిని ఆంగ్లమున నాలుగు పంక్తులలో వ్రాసి, నాన్నగారి హెల్త్ కార్డుతో బాటు పర్సులో నుంచుడు.

— ప్రవాసి