అడవిపందికి ఏ తూటా?

సాహిత్యం గురించి వ్రాసుకునే చోట తుపాకి తూటాల ప్రసక్తి ఏమిటని మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని మన కావ్యాలలో వేట లేనిదెక్కడ? మనుచరిత్రలో స్వరోచి వేటకు వెళ్తాడు. ధూర్జటి తిన్నని వేటను విస్తారంగా వర్ణించాడు. కిరాతార్జునుల కలహమంతా ఒక పందిని ఎవరి బాణం కూల్చిందన్న దాని మీదనే కదా! ఆ కథలో ఒక సంగతి నాకెప్పుడూ నచ్చుతుంది. రెండు బాణాలూ సూటిగానే తగిలాయి, పంది అక్కడికక్కడే పడిపోయింది, తగాదా ఆ తరువాతనే మొదలయింది. నేడు మన పల్లెల్లో జరుగుతున్నది దీనికి తలక్రిందులు. ఎవరు అనుమతించాలి, ఎవరు కాల్చాలి అన్న తగాదా ముందే తేలిపోతున్నది. పంది మాత్రం ఒంట్లో సీసంతో చేలగట్లు దాటిపోయి, ఏ పొదలోనో రోజుల తరబడి కొట్టుకుని ప్రాణం విడుస్తున్నది.

నేను చెప్పదలచినది చిన్న మాట. పంటను పాడుచేసే జంతువును చంపవచ్చునని ఇచ్చే ఉత్తర్వులో ఏ తూటాతో, ఎంత దూరం నుండి అన్నది కూడా ఉండాలి. అది లేని అనుమతి చంపడానికి కాదు, గాయపరచడానికి ఇచ్చిన అనుమతి అవుతుంది.

పరాయి దేశాలలో ఈ సంగతిని లోతుగానే ఆలోచించారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మందల నుండి తప్పిపోయి అడవిపాలైన పెంపుడు మేకలు లెక్కకు మించి పెరిగాయి. గాలపాగోస్ దీవుల్లో 1997 నుండి 2006 వరకు సాగిన ఇసబెలా పథకంలో లక్షకు పైగా మేకలను నిర్మూలించారు. మెడకు రేడియో పట్టీ కట్టి వదిలిన ఒక మేక వెళ్లి తన మందను కలిస్తే, ఆ జాడ పట్టి మందనంతా కాల్చేవారు. ఆ మేకలకు వాళ్లు పెట్టిన పేరు యూదా మేకలు. ద్రోహానికి ఇంత సూటి పేరు మరొకటి ఉండదేమో! ఆ కార్యక్రమాల మంచిచెడ్డలు అలా ఉంచి, ఆస్ట్రేలియాలో మేకలను కాల్చే పద్ధతికి వ్రాతపూర్వకమైన నియమావళి ఉన్నది. ఏ తుపాకి, ఏ తూటా, శరీరంలో ఎక్కడ తగలాలి, ఎంత దూరం దాటితే కాల్చరాదు అన్నవి అందులో ఉంటాయి. షాట్‌గన్‌ను దగ్గరి దూరాలకే పరిమితం చేశారు. మన దేశంలో అటువంటి మేకలున్న చోటు అండమాన్‌లోని బ్యారెన్ ద్వీపం. పంతొమ్మిదవ శతాబ్దం చివర ఓడవారు వదిలిపెట్టిన మేకల సంతతి అంటారు. అగ్నిపర్వతం నీడలో బ్రతుకుతున్న వాటి జోలికి మనం పోనక్కరలేదు. మనకు వచ్చిన చిక్కంతా పందితోనే.

అంబర్‌పేట నుండి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి దాకా నడిచివెళ్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చోవడం నాకు అలవాటు. అశోక్‌నగర్ సందుల్లో అద్దె గదులు తీసుకొని గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు అక్కడ పరిచయమవుతుంటారు. ఆసిఫాబాద్ వైపు నుండి వచ్చిన ఒక కుర్రవాడు తన ఊరి మాటల మధ్య ఇలా అన్నాడు: "మా బాపు రాత్రంతా మంచె మీదనే ఉంటడు సార్. డబ్బా కొడుతడు, ఒర్రుతడు. తుపాకోళ్లు రెండుసార్లు వచ్చిన్రు, కాల్చిన్రు. తెల్లారి చూస్తే నెత్తురు కనబడ్డది గానీ పంది దొరకలే." ఎంత దూరం నుండి కాల్చారని అడిగితే, చేను ఈ గట్టు నుండి ఆ గట్టుకు అన్నాడు. అంటే అరవై గజాలకు తక్కువ ఉండదు. తూటా ఏదని అడిగితే అతనికి తెలియదు. తెలియవలసిన అవసరం అతనికి లేదు. అనుమతి కాగితం మీద సంతకం పెట్టినవారికి ఉండాలి.

ఇప్పుడు కొంచెం లెక్క. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోసి, వాటిలో ఒకటి సరిగ్గా పట్టేటంత వెడల్పు గొట్టం చేస్తే అది పన్నెండు బోరు. సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఆ గొట్టంలో పెట్టే తూటాలో ఒకే పెద్ద గుండు ఉండవచ్చు, వందలకొద్దీ చిన్న గుళ్లు ఉండవచ్చు. మన హైదరాబాదు ఉర్దూలో వీటినే ఛర్రాలంటారు. బ్రిటిషువారి కొలతల ప్రకారం ఔన్సు సీసంలో ఎల్.జి. గుళ్లు ఆరు, ఎస్.జి. ఎనిమిది, ఎస్.ఎస్.జి. పదిహేను, బి.బి. డెబ్బై, నాలుగో నంబరు నూటడెబ్బై. కౌజును కొట్టే నంబరుతో పందిని కొడితే తోలులో దిగబడి ఊరుకుంటాయి. ముదురు మగపందికి భుజాల మీద వ్రేలంత మందం గట్టిపడిన తోలు, దాని క్రింద మృదులాస్థి వంటి పొర, సహజమైన డాలులాగ ఉంటుంది. మేకకు అదేమీ లేదు. కనుక మేకల వేటగాళ్లు చిన్న గుళ్ల గురించి చెప్పే సలహాలు పందికి వర్తించవు.

ఇంత మాత్రం అందరికీ తెలుసు, అందుకే ఎల్.జి. పట్టుకుంటారు. అసలు పొరపాటు అక్కడ మొదలవుతుంది. ముప్ఫైరెండు గ్రాముల తూటాలో ఎల్.జి. గుళ్లు ఆరో ఏడో ఉంటాయి. ముందు భాగం ఇరుకు చేయని గొట్టం నుండి వెలువడ్డ గుళ్లు గజానికి ఒక అంగుళం చొప్పున విచ్చుకుంటాయనేది పాత మోటు లెక్క. నలభై గజాల దగ్గర అవి నలభై అంగుళాల వృత్తంలో చెదిరి ఉంటాయి. పంది గుండె, ఊపిరితిత్తులు కలిసి సుమారు ఎనిమిది అంగుళాల వృత్తమనుకుందాం. వైశాల్యంలో ఇది పెద్ద వృత్తానికి ఇరవైఐదో వంతు. ఏడు గుళ్లలో ప్రాణస్థానానికి చేరేది నాలుగుసార్లు కాలిస్తే సుమారుగా ఒక్కటి! తక్కినవి పొట్టలో, తొడలో, దవడలో. అదే పదిహేను గజాల దగ్గర రెండు గుళ్లు, పది గజాల దగ్గర నాలుగైదు గుళ్లు ప్రాణస్థానానికి చేరుతాయి. గుళ్లు వృత్తం మధ్యలో కొంచెం చిక్కగా ఉంటాయని, చోకు ఉన్న గొట్టంలో విచ్చుకోవడం తగ్గుతుందని తెలిసినవారు అంటారు. నిజమే. కాని అర్ధరాత్రి, టార్చి వెలుతురులో, కదిలే జంతువు మీద గురి ఎంత నిలుస్తుందో కూడా లెక్కలో వేయాలి కదా. ఒకటి వచ్చి ఇంకొకటి పోతుంది.

కాబట్టి నా అభిప్రాయంలో ఎల్.జి. అయినా ఎస్.జి. అయినా పదిహేను గజాల లోపలి మాట. అంతకు మించితే ఒకే గుండు ఉన్న తూటా కావాలి. అది సుమారు ముప్ఫై గ్రాముల సీసం, ఆ డాలును చీల్చుకుని పోగలదు. సాధన ఉన్న చేతికి నలభై గజాల వరకు సరిపోతుంది. ఆ పైన షాట్‌గన్‌తో కాల్చకుండా ఊరుకోవడమే వేటగాడి విద్య. చేతిలో తుపాకి, కళ్లెదుట పంది ఉన్నప్పుడు ఊరుకోవడం ఎంత కష్టమో ఊహించగలను. అయినా అందుకే కదా అనుభవజ్ఞులను పిలిపించేది!

ఒకే గుండుకు ఒక ప్రమాదం ఉన్నది. గురి తప్పితే అది పందిని దాటి చాలా దూరం పోతుంది. పక్క చేనులో కావలి కాసే మనిషి ఉంటాడు. ఇక్కడనే మన పాత మంచె గొప్పతనం తెలుస్తుంది. నాలుగు గుంజలు పాతి, నిలువెత్తుకు పైన కట్టిన మంచె నుండి క్రిందికి కాల్చిన గుండు పందికి తగిలినా తగలకపోయినా నేలలోకే పోతుంది. మంచె నుండి పంది వచ్చే దారికి పదిహేను, ఇరవై గజాలకు మించి దూరం ఉండకుండా చూసుకోవడం రైతుకు తెలియని పని కాదు. జీపులో చేల గట్లమీద తిరుగుతూ కాల్చే పద్ధతిలో ఈ రెండు సుగుణాలూ లేవు. షూటర్లకు మంచె అంటే చిన్నతనమేమో తెలియదు కాని, నన్నడిగితే ముందు కూర్చోబెట్టవలసినది అక్కడనే.

ఇక చట్టం. 1959 నాటి ఆయుధ చట్టం పంటరక్షణకు మూతి నుండి మందు కూరే తుపాకిని, ఆత్మరక్షణకో క్రీడకో ఇరవై అంగుళాలకు తగ్గని నునుపు గొట్టపు తుపాకిని ప్రత్యేకంగా పేర్కొన్నది. పల్లెలో భర్మార్ అని పిలిచేది ఆ మొదటిదే. మందు ఎంత, రాళ్లా మేకులా సీసమా అన్నది కూరేవాడి చేతి అంచనా. దానితో పందిని శుభ్రంగా చంపడం దాదాపు అసాధ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 11వ సెక్షను, నిలిచి ఉన్న పంటకు ప్రమాదకరమైన జంతువును చంపడానికి కారణాలు వ్రాసి అనుమతి ఇవ్వవచ్చునంటుంది. 2022 సవరణ తరువాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉన్నది. ఆ సెక్షను అడిగేది కారణాలను మాత్రమే, విధానాన్ని కాదు. అలా చంపిన జంతువైనా, గాయపడిన జంతువైనా ప్రభుత్వ ఆస్తి అని కూడా చట్టంలో ఉన్నది. పొదలో పడి ఉన్న ఆ ఆస్తి కోసం ఎవరూ వెదకరు.

2016లో బీహార్‌లోని మొకామాలో నీల్‌గాయిలను కాల్చినప్పుడు దేశమంతా గొడవ అయింది. కాల్చడానికి వెళ్లినవారు మన హైదరాబాదువారే. కేంద్రంలో ఇద్దరు మంత్రులు, ప్రకాశ్ జవదేకర్, మేనకా గాంధీ, బహిరంగంగా వాదులాడుకున్నారు. చంపాలా వద్దా అన్నదే ఆ వాదమంతా. ఎలా చంపారని అడిగిన గొంతు నాకు వినబడలేదు. జంతుప్రేమికులకు ఆ ప్రశ్న అడగడమే చంపడాన్ని ఒప్పుకున్నట్లు అనిపిస్తుంది. వేటగాళ్లకు అది తమ నేర్పును శంకించినట్లు అనిపిస్తుంది. ఈ ఇద్దరి మధ్యా పంది నలిగిపోతున్నది. ఈ నగరపు వేట చరిత్ర కూడా మనకిలాగే నేర్పింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గురి గురించి కథలు విన్నాం. 1902లో నెక్కొండ దగ్గర కర్జన్ దంపతులు పులి కళేబరంతో దిగిన ఛాయాచిత్రం దీన్‌దయాళ్ తీసినది, ప్రసిద్ధం. ఛాయాచిత్రానికి చిక్కేది చచ్చిన జంతువే, గాయంతో పారిపోయినది కాదు.

అసలు చంపనే వద్దు అనేవారితో నాకు పేచీ లేదు, వారు చేను కాసే మనిషికి మరొక దారి చూపగలిగితే. చూపనప్పుడు ఆ మనిషి తనంతట తాను వెదుక్కునే దారులు ఉరులు, నాటుబాంబులు, కరెంటు తీగలు. పంది కోసం పరచిన తీగకు పులి చచ్చిన వార్తలు, పక్క చేను రైతు చచ్చిన వార్తలు మన పత్రికల్లో అరుదు కావు. పిండిముద్దలో పెట్టిన నాటుబాంబుకు దవడ ఊడిపోయిన జంతువు ఆకలితోనే చావాలి. వీటి ముందు మంచె మీద నుండి పదిహేను గజాలలో పేలిన తూటా దయగలది. వరాహ నరసింహుని కొలిచేవాళ్లం, నాణేన్ని వరహా అని పిలిచినవాళ్లం. కనీసం ఈ భేదం తెలుసుకోవచ్చు.

సీసం గురించి ఒక మాట. మెత్తని లోహం కనుక ఎముకకు తగిలితే చిన్నచిన్న తునకలై మాంసంలో కలిసిపోతుంది. ఆ కళేబరాన్ని తిన్న పక్షులు విషంతో చస్తాయి. ఈ కారణంగానే కాలిఫోర్నియా 2019 నుండి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2023 నుండి చిత్తడినేలల్లో సీసపు గుళ్లను ఆపింది. మన ఆసిఫాబాద్ ప్రాంతంలోనే, బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టాయి. పశువుల మందు డైక్లోఫెనాక్ వల్ల దేశమంతటా రాబందులు నశించాక 2006లో దానిని నిషేధించారు. మిగిలిన కొద్దిపాటికి పంది మాంసంలో సీసం పెట్టడం ఏమి న్యాయం? సీసానికి బదులు ఉక్కు గుళ్లు వాడదామంటే పాత తుపాకుల సన్నని గొట్టాలు, బిగుతు చోకులు వాటిని తట్టుకోవు. కనుక మన దగ్గర ప్రస్తుతానికి ఉన్న మార్గం కళేబరాన్ని లోతుగా పాతిపెట్టడం. పాతిపెట్టాలంటే ముందు అది దొరకాలి. దొరకాలంటే కాల్చిన చోటనే పడిపోవాలి. మళ్లీ తూటా దగ్గరికే వచ్చాం.

పంచనామా కాగితంలో చచ్చిన పందుల సంఖ్యకు గడి ఉంటుంది. దాని ప్రక్కన మరి మూడు గడులు గీయవచ్చు: తూటా రకం, కాల్చిన దూరం, పేల్చిన తూటాల సంఖ్య. పది తూటాలు ఖర్చయి రెండు పందులే దొరికిన రాత్రి, తక్కిన ఎనిమిది ఎక్కడికి పోయాయో తెల్లవారగానే నెత్తురు జాడ పట్టి వెదకవలసినది చేను గల రైతు కాదు, కాల్చినవారు. వెదికి తెచ్చిన తరువాతనే ఆ కాగితం మీద అధికారి సంతకం పడాలి.