పచ్చ రావణుడు, తెల్ల హనుమంతుడు

బ్యాంకాక్‌లో కాపురమంటే ఏడాదికి నాలుగైదు సార్లు గైడ్ ఉద్యోగం ఉన్నట్టే. వచ్చే చుట్టాల్లో చాలామంది ప్రతూనామ్‌లో బట్టలు, సఫారీ వరల్డ్, పట్టాయా అని లిస్టు రాసుకునే విమానం దిగుతారు. నేను మాత్రం మొదటిరోజు పొద్దున్నే నది మీదికి తీసుకెళ్తాను. ఈ ఊరు మొదలైంది అక్కడే కదా!

1767లో బర్మా సైన్యం అయుత్తయను నాశనం చేసింది. 1782లో మొదటి రామ రాజు చావో ఫ్రయా నది తూర్పు ఒడ్డున ఈ రాజధాని కట్టించాడు. ఇక్కడివాళ్ళు దీన్ని 'క్రుంగ్ థేప్' అంటారు, అంటే దేవతల నగరం. పూర్తి పేరు చాంతాడంత ఉంటుంది. మెల్లగా చదివితే అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, విశ్వకర్మ అన్నీ వినిపిస్తాయి.

ఈసారి మా అత్తయ్య, మావయ్య వచ్చారు. సఫాన్ తక్సిన్ స్టేషన్ దగ్గర పడవెక్కి థా చాంగ్ రేవులో దిగాం. దారిలో ఒకాయన "ప్యాలెస్ ఇవాళ మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అన్నాడు. ఇలాంటివాళ్ళను నమ్మకండి, గేటు దాకా వెళ్ళి మీరే చూసుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు తప్పనిసరి.

లోపల మరకత బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద 178 బొమ్మల్లో రామాయణం ఉంది. వీళ్ళు 'రామకియెన్' అంటారు. మావాడు ముందే పరిగెత్తి, "నానమ్మా, పచ్చ మొహం తోత్సకాన్! తెల్లగా ఉన్నది హనుమాన్!" అని అరిచాడు. తోత్సకాన్ అంటే దశకంఠుడు. అత్తయ్య మురిసిపోయారు.

వారధి కట్టే బొమ్మ దగ్గర వాడు చేపకన్యను చూపించాడు. "ఈవిడ సువన్నమచ్చా, రావణుడి కూతురు. హనుమాన్‌కి ఈవిడంటే ఇష్టం. వాళ్ళకో బాబు కూడా!"

అత్తయ్య మొహం మాడిపోయింది. "ఆంజనేయస్వామికి పెళ్ళామా? పిల్లాడికి ఇదేనా నేర్పించేది?" అని నావైపు చూశారు. నాకు నోట మాట రాలేదు. వాడికి నేను చెప్పిన రామాయణం తక్కువ, బళ్ళో ఖోన్ నాటకం చూపించి చెప్పిందే ఎక్కువ.

మావయ్య మెల్లగా అడిగారు. "మన మైరావణుడి కథలో మత్స్యవల్లభుడు ఎవరి కొడుకే?"

"చెమట చుక్క మింగిన చేపకు పుట్టాడు. అది వేరు!" అంటూనే అత్తయ్య నవ్వేశారు. కాసేపటికి మనవడి చెయ్యి పట్టుకుని, "ఊఁ, తర్వాతేమైందిరా?" అన్నారు.

మధ్యాహ్నం పసుపు జెండా మీద 'జే' అని రాసిన చోట తిన్నాం. అక్కడ మాంసం, ఫిష్ సాస్ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు కాబట్టి మన పెద్దవాళ్ళకు హాయి. తర్వాత వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూసి, అక్కడి 108 కంచు గిన్నెల్లో నాణేలు వేశాం. థా తియెన్ రేవులో ఫెర్రీ ఎక్కితే అవతలి ఒడ్డే వాట్ అరుణ్. సూర్యుడి సారథి అరుణుడి పేరే దానిది.

మీ వాళ్ళొస్తే ఒక్కటి చెప్పండి. ఇది మన కథను పాడుచెయ్యడం కాదు. 1797లో మొదటి రామ రాజు కూర్పించిన కావ్యం, రెండు శతాబ్దాలుగా వీళ్ళు సొంతం చేసుకున్న రామాయణం. మనది పిల్లలకు తెలియకపోతే ఆ తప్పు వీళ్ళది కాదు, మనదే.

ఆ రాత్రి అత్తయ్య మావాడికి చెమట చుక్క కథ చెప్పారు. నేనూ వాడి పక్కనే పడుకుని విన్నాను.