సిపాయి రాసే తొలి పుస్తకం

తెలుగు పాఠకుడికి గూఢచారి అనగానే గుర్తొచ్చేవాడు షాడో. మధుబాబు గారి ఆ నవలల్ని మా నాన్న తరంవాళ్ళు అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని, చేలో మోటారు నడుస్తున్నంతసేపూ గట్టుమీద కూర్చుని చదివారు. అవే ఇప్పుడు అట్టలూడిపోయి మా హాస్టల్లో చేతులు మారుతున్నాయి. వాటిని తక్కువచేసి మాట్లాడేవాళ్ళంటే నాకు పడదు. చదివే అలవాటు చాలామందికి అక్కడే అంటుకుంది. ఐతే ఒక సంగతి. నిజంగా సరిహద్దులో కాపలా కాసినవాడో, నిజంగా గూఢచారి శాఖలో ఉద్యోగం చేసినవాడో స్వయంగా రాసిన పుస్తకాలు తెలుగులో మీరెన్ని చదివారు? వేళ్ళు ముడిచి లెక్కపెట్టండి. రెండో చెయ్యి అవసరం పడినవాళ్ళు దయచేసి నాకు చెప్పండి, ఆ పుస్తకాలు అడిగి తీసుకుంటాను.

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. అమెరికాలో విలియం ఇ. కోల్బీ అవార్డు అని ఒక బహుమతి ఉంది. 1999 నుంచి ఇస్తున్నారు. సైనిక చర్యలు, గూఢచర్యం, అంతర్జాతీయ వ్యవహారాలు, ఈ విషయాల మీద ఎవరైనా రాసిన మొట్టమొదటి పుస్తకానికి మాత్రమే అది. నవలైనా సరే, చరిత్రైనా సరే, స్వీయకథైనా సరే. రెండో పుస్తకానికి లేదు. నన్ను ఆకట్టుకున్నది మరో సంగతి. ఇది ప్రభుత్వమో, పెద్ద పత్రికో ఇచ్చే బహుమతి కాదు, ఒక కాలేజీది. 1819లో పుట్టి, ఇప్పుడు వెర్మాంట్ రాష్ట్రంలో నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో ఉన్న నార్విచ్ విశ్వవిద్యాలయం దీన్ని నడుపుతోంది. అక్కడి సైనిక విద్యార్థులు, రచయితలు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సభలు 1996లో మొదలయ్యాయి, ఆ సభల్లోంచే ఈ బహుమతి వచ్చింది. మనలాంటి కుర్రాళ్ళు చదువుకునే చోటే!

ఇక ఆ పేరున్న పెద్దమనిషి. కోల్బీ 1944లో విమానంలోంచి పారాచూట్‌తో ఫ్రాన్సులో, మరుసటి ఏడు నార్వేలో దిగి, శత్రువు వెనక పనిచేసినవాడు. తర్వాత సి.ఐ.ఎ.కి 1973 నుంచి 1976 దాకా అధిపతి. వియత్నాంలో ఫీనిక్స్ అనే కార్యక్రమం ఆయన చేతిమీదుగా నడిచింది. అందులో 20,587 మంది చనిపోయారని 1971లో అమెరికా చట్టసభ సంఘం ముందు ఆయనే చెప్పాడు. ఆ అంకె చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా మండలంలో ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయినట్టు లెక్క. అలాంటి మనిషి పేరున సాహిత్య బహుమతా అని మీకనిపిస్తే అది సహజం, నాకూ అనిపించింది.

కాని అదే మనిషి 1975లో తన సంస్థ చేసిన చట్టవిరుద్ధమైన పనుల చిట్టా చట్టసభ సంఘాలకు అందనిచ్చాడు. సాటి అధికారులు చాలామంది ఆయన్ని ద్రోహిలా చూశారు, పదవీ పోయింది. తర్వాత 1978లో స్వీయకథ రాస్తే, అనుమతి రాకముందే రాతప్రతి ఫ్రెంచి ప్రచురణకర్తకు పంపాడని ప్రభుత్వానికి 10,000 డాలర్లు కట్టుకోవలసి వచ్చింది. రహస్యాలు కాపాడే సంస్థకు అధిపతిగా ఉన్నవాడే పుస్తకం రాసి జరిమానా కట్టాడన్నమాట. ఆయన మంచివాడా చెడ్డవాడా అని తేల్చడం నా పని కాదు. ఇలాంటి విషయాలు రాయడం ఎంత చిక్కో చెప్పడానికి మాత్రం ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

బహుమతి అందుకున్నవాటిలో మూడింటి గురించి చెబుతాను. 2011లో కార్ల్ మార్లాంటిస్ రాసిన 'మాటర్‌హార్న్' నవలకు వచ్చింది. ఆయన వియత్నాంలో మెరైన్ లెఫ్టినెంట్. నవలతో ముప్ఫై ఏళ్ళకు పైగా కుస్తీ పట్టాడు. ప్రచురణకర్తలు తిప్పి పంపడం, ఈయన మళ్ళీ తిరగరాయడం. 2010లో అది పెద్ద ప్రచురణగా వచ్చేసరికి ఆయనకు అరవై అయిదేళ్ళు. తొలి పుస్తకం అంటే కుర్రాళ్ళ పుస్తకం అనుకుంటాం కదా. మన సాహిత్య అకాడెమీ యువ పురస్కారానికి ముప్ఫై అయిదేళ్ళ లోపువాళ్ళే అర్హులు. పదిహేను, పదిహేడేళ్ళు సర్వీసు చేసి ఇంటికొచ్చే మన జవానుకు అప్పటికే ఆ వయసు దాటిపోతుంది. వాడు కలం పట్టుకునే వేళకి తలుపు మూసేసి ఉంటుంది.

2016లో నిసిద్ హజారీ అనే పాత్రికేయుడి పుస్తకానికి ఇచ్చారు. 'మిడ్‌నైట్స్ ఫ్యూరీస్' దాని పేరు. విషయం మన దేశ విభజన. 1946 కలకత్తా మారణకాండ, 1947 పంజాబు నెత్తురు. మన దేశం రెండు ముక్కలైన కథకి వెర్మాంట్‌లోని ఒక కాలేజీ పీట వేసింది! సంతోషమే, కొంచెం సిగ్గు కూడా.

మూడోదే అసలు పాఠం. 2001లో జేమ్స్ బ్రాడ్లీ 'ఫ్లాగ్స్ ఆఫ్ అవర్ ఫాదర్స్'కు వచ్చింది. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా కొండమీద ఆరుగురు జెండా నిలబెడుతున్న ఫోటో మీరు చూసే ఉంటారు. ఆ ఆరుగురిలో తన తండ్రి ఒకడని, ఇంట్లో ఏనాడూ ఆ మాట ఎత్తని తండ్రి కథను కొడుకు వెతుక్కుంటూ వెళ్ళి రాశాడు. లక్షలమంది చదివారు, సినిమా కూడా తీశారు. ఐతే 2014లో ఇద్దరు మామూలు చరిత్రాభిమానులు ఆ ఫోటోలోని బట్టలూ, బెల్టులూ పట్టి పట్టి చూసి, ఈ మనిషి ఆయన కాడేమో అన్నారు. 2016లో మెరైన్ దళమే విచారణ జరిపి, ఆ ఫోటోలో ఉన్నది బ్రాడ్లీ కాదు, హెరాల్డ్ షుల్జ్ అని ప్రకటించింది. బ్రాడ్లీ ఆ రోజే అంతకుముందు ఎత్తిన మొదటి జెండా దగ్గర ఉన్నాడట. షుల్జ్ అప్పటికే 1995లో చనిపోయాడు, బతికుండగా డప్పు కొట్టుకోలేదు.

మా ల్యాబులో రికార్డు రాసేటప్పుడు ఒక నియమం ఉంది. రీడింగు తప్పు పడితే రబ్బరుతో చెరపకూడదు. ఒక గీత కొట్టి, పక్కన సరైంది రాయాలి, పాతదీ కనబడుతూ ఉండాలి. బ్రాడ్లీ పుస్తకం ఉండబట్టే దానిమీద గీత కొట్టడం కుదిరింది. అసలు రికార్డే లేకపోతే ఏం దిద్దుతాం?

మన దగ్గర రికార్డే తక్కువ. 1962లో నామ్కా చూ దగ్గర 7వ బ్రిగేడును నడిపి, చైనావాళ్ళకు బందీగా చిక్కి తిరిగొచ్చిన బ్రిగేడియర్ దల్వీ 1969లో 'హిమాలయన్ బ్లండర్' రాశాడు. ఓడిపోయిన సేనాని రాసిన తొలి పుస్తకం. పక్కింటి కన్నడంలోకి రవి బెళగెరె దాన్ని తెచ్చారు. అదే ఓటమి మీద సైన్యం 1963లో రాయించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మాత్రం ప్రభుత్వం బీరువాలోనే పెట్టింది. మేజర్ జనరల్ వి. కె. సింగ్ 2007లో మన విదేశీ గూఢచారి సంస్థలోని లొసుగుల మీద పుస్తకం వేస్తే, అధికార రహస్యాల చట్టం కింద సి.బి.ఐ. కేసు పెట్టింది. ఆ చట్టం 1923 నాటిది, తెల్లదొరల కాలంది. 2021 మే 31న పింఛను నియమాలు సవరించి, గూఢచారి, భద్రతా సంస్థల్లో రిటైరైనవాళ్ళు తమ శాఖ సంగతులు ముందస్తు అనుమతి లేకుండా ప్రచురించకూడదన్నారు. కాదంటే పింఛనుకే ఎసరు. దేశ రక్షణకి కొన్ని రహస్యాలు ఉండాల్సిందే, నేను కాదనను. కాని అరవై ఏళ్ళ నాటి ఓటమి ఎవరికి రహస్యం? అవతలివాడికి మొదటిరోజే తెలుసు. తెలియనిది మనకే.

ఇవన్నీ మళ్ళీ అధికారుల పుస్తకాలే, ఇంగ్లీషు పుస్తకాలే. సిపాయి మాట ఎక్కడ? మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు వెళ్ళిన మన సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాల్ని సెన్సారు అధికారులు విప్పి చదివి, ముక్కలు ముక్కలుగా అనువదించి పెట్టుకున్నారు. ఆ కట్టలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి, 1999లో డేవిడ్ ఒమిస్సీ వాటినుంచి ఏరి ఒక సంపుటం వేశాడు. ఎవరైతే అనుమానంతో ఉత్తరం చించి చూశాడో వాడి పుణ్యానే ఆ సిపాయి గొంతు మిగిలింది! అందులో ఎక్కువగా ఉత్తరాదివాళ్ళ మాటలే. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరుబడ్డ ఊరు ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు, ఇప్పటికీ పంపుతోంది. ఆ ఇళ్ళలో పెట్టెలడుగున ఏముందో ఎవరైనా వెళ్ళి అడిగితే కదా.

మా ఇంటి సంగతే చెబుతా. మా చిన్నాన్న పదిహేడేళ్ళు ఆర్మీలో చేసి హవల్దారుగా వచ్చేశాడు. సియాచిన్‌లో ఎడమకాలి రెండు వేళ్ళు పోయాయి. "మంచు కొరికేసిందిరా" అంటాడు, అంతే. ఎప్పుడైనా రాత్రి నీటి వంతుకి చేలో కూర్చున్నప్పుడు మాత్రం రెండు ముక్కలు దొర్లుతాయి. గుడారంలో కిరసనాయిలు పొయ్యి పొగకి పొద్దున్నే ఉమ్మితే నల్లగా పడేదనీ, అంత చలిలో ఊడ్పుల వేళ బురద వాసన గుర్తొచ్చేదనీ. రాయి చిన్నాన్నా అంటే, "ఈ కబుర్లు ఎవడిక్కావాలి, పైగా నా తెలుగు కూడా హిందీ ఐపోయింది" అంటాడు. నాతో ఇంటర్ చదివినవాడు ఒకడు అగ్నివీర్‌గా వెళ్ళాడు. 2022లో పెట్టిన ఆ పథకం కింద నాలుగేళ్ళే కొలువు, నలుగురిలో ఒక్కణ్ణి మించి ఉంచుకోరు. రేపు వాడు పాతికేళ్ళు నిండకుండానే ఊరికి తిరిగొస్తే, చూసిందంతా ఎవరితో చెప్పుకుంటాడు? పెళ్ళిచూపుల్లో జీతం అడుగుతారు గాని ఇది అడగరు.

అందుకని మన సంఘం ముందు ఒక మాట పెడుతున్నాను. రెండేళ్ళకోసారి, తెలుగులో సైనిక జీవితం మీద తొలి రచనకి ఒక బహుమతి పెడదాం. అచ్చైన పుస్తకమే కానక్కర్లేదు, రాతప్రతి చాలు. పదివేలు చాలు. ఈ సావనీరు ప్రకటనల్లో మిగిలేదాంట్లోంచి కొంత, పూర్వ విద్యార్థుల దగ్గర కొంత. వయసు పరిమితి వద్దు. రాయలేనివాడు చెబితే మనం రాసిపెట్టాలి, పేరు మాత్రం ఆయనదే. జవాను భార్య రాసినా తీసుకోవాలి. ఆవిడ కాసిన కాపలా తక్కువేం కాదు. తీర్పరుల్లో తెలుగు మాస్టారు ఒకరు, చరిత్ర మాస్టారు ఒకరు, రిటైరైన జవాను ఒకరు తప్పక ఉండాలి. ఇంకా కొలువులో ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా ప్రచురించకూడదు కాబట్టి వాళ్ళని ఇరకాటంలో పెట్టొద్దు. పహరా చోట్లూ, ఆయుధాల లెక్కలూ మనకు అక్కర్లేదు. ఆకలి, భయం, సెలవు దొరక్కపోవడం, పై అధికారి మంచీ చెడూ, పక్కవాడి చావు, ఇవి కావాలి.

ఇది విని హాస్టల్లో ఒక మిత్రుడు, యుద్ధాన్ని పొగిడే పని మనకెందుకు అన్నాడు. ఇంకొకడు, జవాను ఏడ్చాడని రాస్తే సైన్యానికి అవమానం కాదా అన్నాడు. ఇద్దర్నీ ఒకరి ముఖం ఒకరు చూసుకోమన్నాను. ఇద్దరూ చదవకముందే పుస్తకంలో ఏముండాలో తేల్చేశారు. ఓడిన దల్వీకి, తిరగరాస్తూ ముసలాడైన మార్లాంటిస్‌కి ఆ వెసులుబాటు లేదు పాపం, వాళ్ళు జరిగిందే రాయాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానాన్ని నేను ప్రతిపాదిస్తాను, బలపరిచేవాళ్ళు ఒకరు కావాలి. ఎన్.సి.సి. మిత్రులు ముందుకొస్తే మరీ సంతోషం. ఈలోగా సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు మీ ఊళ్ళో మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళు ఎందరున్నారో, వాళ్ళలో మాట్లాడతామన్నవాళ్ళెవరో రాసుకొచ్చి నాకివ్వండి. మా ఊళ్ళో తొమ్మిదిమంది తేలారు. ఏడుగురు వద్దన్నారు, ఒకాయన ఆలోచిస్తానన్నాడు. మా చిన్నాన్న రెండొందల పేజీల నోటుబుక్కు తెమ్మన్నాడు, గీతలున్నది.