విచారణకు ముందే తీర్పు

భీమా కోరెగావ్ కేసులో 2018 ఆగస్టు 28న పుణె పోలీసులు హైదరాబాదులో వరవరరావును, ఇతర నగరములలో మరి నలుగురు ఉద్యమకారులను నిర్బంధించిరి. మరునాడే సుప్రీంకోర్టు వారిని గృహనిర్బంధమున నుంచుమని ఆదేశించినది. వ్యాజ్యము న్యాయస్థానము నెదుట నుండగనే, ఆగస్టు 31న మహారాష్ట్ర పోలీసు అధికారులు పత్రికాగోష్ఠి జరిపి, నిందితుల లేఖలని చెప్పి కొన్నింటిని చదివి వినిపించిరి. అందొకటి తనదనుట కల్పనయని సుధా భరద్వాజ్ తన న్యాయవాది ద్వారా తెలియజేసిరి. ఆమెయు న్యాయవాదియే!

సెప్టెంబరు 28న ఇరువురు న్యాయమూర్తులు ప్రత్యేక దర్యాప్తును నిరాకరించిరి. న్యాయమూర్తి చంద్రచూడ్ మాత్రము విభేదించి, పోలీసుల ఈ ప్రచారమును గర్హించిరి.

రాజ్యాంగము 22వ అధికరణమున నిందితునకు తన కిష్టమైన న్యాయవాదిని నియమించుకొను హక్కు నొసగినది. కాని న్యాయవాది వాదించునది న్యాయస్థానమున. నింద వ్యాపించునది ఊరూరను. ఎదురు ప్రశ్న నెన్నడు నెదుర్కొనని లేఖ అచ్చులో సాక్ష్యమై కూర్చుండును.

ఉద్యమకారుడు విమర్శకు అతీతుడు కాడు. అతనిని ప్రశ్నించుట పత్రికల ధర్మమే. అయితే ఆరోపణను ఆరోపణగానే వ్రాసి, ప్రతివాదమును ఆ పుటయందే, అంతటి అక్షరములతోనే ముద్రించుటయు ఆ ధర్మములోనిదే. విడుదలైన పిదప లోపలి పుటలో వేయు నాలుగు పంక్తులు పోయిన పరువును తిరిగి తేజాలవు.